జేబు చాకు కొందామా: పాత షెఫీల్డా, ఒపినెలా, స్విస్సా, రాంపురీయా, మన కమ్మరిదా?

పోయినేడు దసరాకు మా మేనల్లుడు హన్మకొండ నుంచి ఇంటికొచ్చాడు. భోజనాలయ్యాక బీరువా మీది బిస్కెట్ డబ్బా దించి, అందులో ఉన్న నా చాకులు ఒక్కొక్కటే తీసి చూశాడు. "మామా, నాక్కూడా ఒకటి కావాలె. మూడు వేల దాకా పెడత. ఏది తీసుకోమంటవ్?" అన్నాడు. చప్పున జవాబు చెప్పలేకపోయాను. డబ్బాలో పదిహేడు చాకులున్నాయి, వాటిలో ఐదు నేను మోసపోయి కొన్నవి. ఏది కొనాలో చెప్పాలంటే ఆ ఐదింటి సంగతి కూడా చెప్పాలి మరి.

నేను చెప్పేది జేబులో పట్టే మడత చాకు గురించి. మా తాత దాన్ని మొలతాడుకు కట్టుకునేవాడు. చుట్ట కొన కొయ్యడానికి, వేపపుల్ల చెక్కడానికి, బర్రె పలుపు తెంపడానికి, పచ్చి మామిడికాయను ఉప్పుకారంలో అద్దుకునేలా ముక్కలు చెయ్యడానికి, అన్నిటికీ అదే. ఇప్పుడు వరంగల్ చౌరస్తాలో జేబులోంచి చాకు తీస్తే పక్కవాడు జరిగి నిలబడతాడు. అప్పట్లో ఊళ్లో పెద్దమనిషి దగ్గర అది లేకపోతేనే వింత.

మావాడు అడిగినట్టే చాలామంది "ఏ కంపెనీది?" అని మొదలుపెడతారు. నేను పేరు చివర చూస్తాను. ముందు చూసేవి రెండే: స్ప్రింగులో (పిడి వెనక ఉండి బ్లేడును పట్టి ఉంచే ఉక్కు పట్టీలో) బలం ఎంతుంది, బ్లేడు ఎంత మిగిలుంది. ఈ రెండూ పోయిన చాకు మీద రాణిగారి ముద్ర ఉన్నా నాకు వద్దు.

పాత షెఫీల్డ్ చాకులు

మన దగ్గర పాత ఇళ్లలో, సంతల్లో పేరు చెప్పి అమ్మే పాత చాకు ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊరిది. అందులోనూ జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ పేరు. దాని గుర్తు ఒక నక్షత్రం, పక్కన మాల్టా శిలువ. బ్రిటిష్ కాలంలో ఆ చాకుకు ఎంత పేరంటే, నకళ్లూ అంతే దండిగా వచ్చాయి.

నా మొదటి దెబ్బ అక్కడే తగిలింది. హైదరాబాద్‌లో ఒక ఆదివారం సంత. టార్పాలిన్ మీద పాత తాళాలు, గడియారాలు, మధ్యలో తళతళా మెరిసే రెండు బ్లేడ్ల చాకు. "రాడ్జర్స్ సార్, విక్టోరియా రాణి కాలందీ" అన్నాడు. పద్దెనిమిది వందలకు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే స్పెల్లింగులో ఓ తర్వాత ఉండాల్సిన డి లేదు. నక్షత్రం బదులు పువ్వు లాంటిదేదో ఉంది. పైగా అదే బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని చెక్కి ఉంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు తయారుచేసింది 1913లో. విక్టోరియా పోయింది 1901 జనవరిలో. రాణి చనిపోయాక పన్నెండేళ్లకు పుట్టిన ఉక్కుతో రాణి కాలపు చాకు ఎట్లా వస్తుంది? ఆ ఒక్క మాట తెలిసుంటే పద్దెనిమిది వందలు మిగిలేవి.

కొన్ని పాత చాకుల మీద 'హర్ మెజెస్టీ'కి, అంటే రాణిగారికి, కట్లర్లమని (చాకులు చేసేవాళ్లమని) రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్ని చూపించి తప్పకుండా విక్టోరియా అనే అంటారు. కానీ 1952 తర్వాత ఎలిజబెత్ రాణి కూడా హర్ మెజెస్టీయే. కిరీటానికి రెండు వైపులా వి, ఆర్ అక్షరాలుంటే అది విక్టోరియా ముద్ర. జి, ఆర్ అయితే జార్జి. అయితే జార్జిలు చాలామంది ఉన్నారు, తొందరపడొద్దు.

ముద్ర సరిపోయిందనుకోండి, ఇక చాకును చేతిలోకి తీసుకోండి. గోటితో తెరవండి. మంచి స్ప్రింగైతే మొదట గట్టిగా ఆపుతుంది, సగం దాటాక తనే లాక్కుని 'టక్' మని నిలబడుతుంది. మూసేటప్పుడూ అంతే. మెత్తగా, తడిగుడ్డ లాగినట్టు తెరుచుకుంటే స్ప్రింగు సచ్చిపోయింది. తెరిచాక బ్లేడు కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పక్కలకు ఊపండి. కొద్దిగా కదిలితే పిన్ను సడలింది, దానికి బేరం ఆడొచ్చు. బాగా ఊగితే వదిలేయండి. వెలుగుకు ఎదురుగా పట్టుకుని పిడికీ స్ప్రింగుకూ మధ్య చూడండి, సందులోంచి వెలుతురు రాకూడదు.

తర్వాత బ్లేడు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. వందేళ్లు నూరిన బ్లేడు సన్నబడిపోయినా, బాగా పాలిష్ కొడితే కొత్తదానిలా మెరుస్తుంది. ఎంత అరిగిందో పట్టుకోవడానికి రెండు చోట్లు చూస్తాను. బ్లేడు మొదట్లో, పిడికి ఆనుకుని, నూరని చిన్న ముక్క ఉంటుంది. అది అసలు వెడల్పు చూపిస్తుంది. అక్కడి నుంచి పదునుకు దిగేచోట మెట్టు ఎంత లోతుగా ఉంటే అంత బ్లేడు సానరాయి తినేసినట్టు. రెండోది, చాకు మూసి బ్లేడు వీపు మీదుగా, మొన ఉన్నచోట వేలు నెమ్మదిగా పోనివ్వాలి. మంచి చాకులో మొన పిడి లోపల దాక్కుంటుంది. అరిగినదానిలో మొన వీపు వైపు జరిగిపోతుంది కాబట్టి బయటికి పొడుచుకొచ్చి చర్మానికి గీరుకుంటుంది. జేబులో పెట్టుకుంటే ముందు లుంగీ చిరుగుతుంది, తర్వాత తొడ.

నల్లగా, బూడిదరంగుగా, అక్కడక్కడ నీలంగా ఉన్న బ్లేడును చూసి భయపడకండి. అది స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కుకు వయసుతో వచ్చే రంగు, ఒక రకంగా దానికి తొడుగు. సేకరించేవాళ్లు దాన్నే కోరుకుంటారు. ఎర్ర తుప్పు పైపైన ఉంటే నూనె, గుడ్డతో పోతుంది. తుప్పు తిని గుంటలు పడితే మాత్రం ఏమీ చెయ్యలేం. పాలిష్ చక్రం పెట్టి మెరిపించిన పాత చాకుకు నేను సగం ధర కూడా ఇవ్వను. ఆ చక్రం ముద్రల అంచుల్ని కూడా మాపేస్తుంది.

పిడి సంగతి చట్టంతో ముడిపడింది. పాత షెఫీల్డ్ చాకుల గరుకు కొమ్ము పిడిలో చాలావరకు మన దేశపు కణుజు కొమ్మే. ఇక్కడి నుంచి ఓడల్లో పోయి చాకై తిరిగొచ్చింది. ఇవాళ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద జింకల కొమ్ములు, ఏనుగు దంతం కొనడం, అమ్మడం కుదరదు. 'దంతం పిడి సార్' అన్నాడంటే నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం, రెండు విధాలా లేచి రావడమే. బర్రె కొమ్ము, ఎద్దు ఎముక, కట్టె అయితే చింత లేదు. ఎముకను జింక కొమ్ములా గాట్లు పెట్టి రంగు వేసినవి చాలా ఉంటాయి. ఎముక మీద భూతద్దంలో సన్నని రంధ్రాలు, నల్ల చుక్కలు కనిపిస్తాయి. కొమ్మా ప్లాస్టిక్కా తెలియాలంటే, చాకు మీదయ్యాక లోపలి అంచున కాల్చిన సూది ఆనించండి. వెంట్రుక కాలిన వాసనొస్తే కొమ్ము. కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్. దాన్ని మిగతా చాకులతో ఒకే డబ్బాలో పెట్టొద్దు. పాతబడ్డ సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న బ్లేడ్లను కూడా తుప్పు పట్టిస్తుంది. నాకు అట్లా రెండు పోయాయి.

కాబట్టి పాత షెఫీల్డ్ దొరికితే అదృష్టమే. కానీ మొదటి చాకుగా కొనొద్దంటాను. కనీసం పది చాకులు తెరిచి మూసిన చెయ్యి కావాలి దానికి.

స్విస్ చాకు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో మొదలుపెట్టిన పని. ఎర్రపిడి ఆఫీసర్ చాకు 1897లో వచ్చింది. 1909లో తల్లి విక్టోరియా చనిపోయాక ఆమె పేరు కంపెనీకి పెట్టాడు. తుప్పు పట్టని ఉక్కును ఫ్రెంచివాళ్లు పిలిచే ఇనాక్స్ అనే మాట 1921లో దానికి కలిసి విక్టోరినాక్స్ అయింది.

రోజూ వాడుకునేవాడికి ఇంతకన్నా నిశ్చింత అయిన చాకు లేదు. వానకు తడిసినా, నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోయినా ఏమీ కాదు. స్ప్రింగు ప్రతి దాంట్లో ఒకేలా పలుకుతుంది. పదును మాత్రం మంచి కార్బన్ చాకు అంత సేపు నిలవదు, కానీ మామూలు రాయి మీద ఐదు నిమిషాల్లో తిరిగొస్తుంది. పరికరాలు ఎక్కువున్నది కొనాలని ఆశపడొద్దు. ఇరవై పనులు చేసే చాకు జేబులో ఇటుకలా ఉంటుంది. రెండు పొరల మోడల్, అంటే పరికరాలు రెండే వరసల్లో ఉన్నది, చాలు.

సేకరణ దృష్టితో చూస్తే పాత వెంగర్ చాకుల మీద కన్నెయ్యండి. స్విస్ సైన్యానికి విక్టోరినాక్స్‌తో పాటు అదీ చాకులిచ్చేది. 2005లో విక్టోరినాక్స్ దాన్ని కొనేసింది, కొన్నేళ్లకు ఆ పేరుతో చాకులు రావడం ఆగిపోయింది. వెంగర్ శిలువ గుండ్రని మూలల చతురస్రంలో ఉంటుంది, విక్టోరినాక్స్‌ది డాలు ఆకారంలో. ఫుట్‌పాత్ నకళ్ల మీద శిలువ కేవలం రంగు ముద్ర, గోటితో గీకితే లేస్తుంది.

ఒపినెల్

ఫ్రాన్సులోని సవాయ్ కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన రైతు చాకు. బీచ్ అనే చెట్టు కట్టెతో గుండ్రటి పిడి, ఒక బ్లేడు, ఒక పిన్ను, ఒక ఉక్కు ఉంగరం. అంతే. వెనక స్ప్రింగే లేదు. కట్టెకీ బ్లేడుకీ మధ్య రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. 1955లో వచ్చిన ఉంగరాన్ని తిప్పితే తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆగుతుంది. చిన్న నంబర్లకు, అంటే ఐదు దాకా, ఆ ఉంగరం ఉండదు. ఎనిమిదో నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మగవాడి అరచేతికి సరిపోతుంది. చెయ్యి చిన్నదైతే ఆరు చూడండి.

కార్బన్, స్టెయిన్‌లెస్ రెండూ దొరుకుతాయి. నేర్చుకోవాలనుకునేవాడు కార్బన్‌దే తీసుకోవాలి. దాంట్లో సుమారు 0.9 శాతం కార్బన్ ఉంటుంది, పదును తొందరగా ఎక్కుతుంది. కొత్తది తెచ్చుకుని ఒక పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా పది నిమిషాలు ఉంచితే బ్లేడు మీద బూడిద, నీలం మరకలు ఎక్కుతాయి. మా ఆవిడ చూసి "కొత్త చాకును పాడు చేసినవ్" అంది. అది పాడు కాదు, పైన చెప్పిన తొడుగే.

దీని లోపం కట్టె. ఎండాకాలం వరంగల్ ఎండకు పిడి ఎండి బ్లేడు వదులవుతుంది. జులై ముసురు పట్టిందంటే కట్టె ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. పిడిని కిరోసిన్‌లోనో వంటనూనెలోనో నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. అవిసె నూనె రాసి ఆరనిస్తే కొంత నయం.

రాంపురీ

సినిమాల వల్ల మనకు బాగా తెలిసిన పేరు ఇదే. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేసే చాకు. తెరిచేటప్పుడు పళ్ల చక్రం మీదుగా బ్లేడు కరకరమని వచ్చే చప్పుడుకు అది ప్రసిద్ధి. పోయిన శతాబ్దం చివర్లో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడును నిషేధించింది, పనివాళ్లు తగ్గిపోయారు. 2023లో ఆ ఊళ్లో ఒక కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు.

పనితనం ఉన్న పాత రాంపురీ, ఇత్తడి పిడి చెక్కడంతో, చూడ్డానికి బాగుంటుంది. కొనమని మాత్రం చెప్పను. ఇప్పుడు బజారులో ఆ పేరుతో దొరికేవాటిలో ఉక్కు మెత్తన, స్ప్రింగు నాసి. పైగా బటన్ చాకు, అంటే బటన్ నొక్కితే తెరుచుకునేది, మన దగ్గర దొరికితే పోలీసులతో టెన్షన్. 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తి, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినది కాకపోతే, ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఢిల్లీలోనైతే బటన్ చాకుకు హద్దు 7.62 సెంటీమీటర్లే. పండ్లు కోసే చిన్న చాకుకు ఇవేవీ అడ్డం రావు గానీ, జాతరకో, సభకో, కోర్టుకో పోయేటప్పుడు ఏ చాకైనా ఇంట్లో పెట్టి వెళ్లడం మంచిది. విమానంలో చేతిసంచిలో పెట్టుకుంటే అక్కడే పెట్టెలో పడేయించుకుంటారు.

మన కమ్మరి చాకు

ఇది నాకు ఇష్టమైన భాగం, కాబట్టి పక్షపాతం ఉంటే క్షమించండి.

మన కమ్మరులు కొడవళ్లు, గొడ్డళ్లు, గీత కార్మికుల కత్తులు చేస్తారు, మడత చాకు మామూలుగా చెయ్యరు. పరకాల అవతల ఒక ఊళ్లో పెద్దాయన దగ్గరికి మూడుసార్లు తిరిగి ఒకటి చేయించుకున్నాను. లారీ కమాను పట్టీ ముక్క తెచ్చి కొలిమిలో పెట్టాడు. వెనక స్ప్రింగు పెట్టమంటే నవ్వాడు. "పట్టీ వంచుడు ఎంతసేపు బిడ్డా, రెండేండ్లకు కూడా అది తిరిగి లేవాలె గదా" అన్నాడు. స్ప్రింగుకూ బ్లేడుకూ కాల్చి చల్లార్చే లెక్క వేరు. స్ప్రింగు గట్టిగా ఉంటే విరుగుతుంది, మెత్తగా ఉంటే వంగి ఉండిపోతుంది. అందుకే స్ప్రింగు లేకుండా, రాపిడి మీద ఆగే చాకు చేశాడు. చివర్లో పిన్ను బిగించేటప్పుడు సుత్తితో చిన్న దెబ్బ వేసి తెరిచి చూశాడు. ఇంకో దెబ్బ, మళ్లీ తెరిచి చూశాడు. నాలుగో దెబ్బకు చెయ్యెత్తి ఆగిపోయి, సుత్తి కింద పెట్టేశాడు. అది ఇప్పటికీ అంతే బిగువుగా ఉంది.

చూడ్డానికి మొరటుగా ఉంటుంది, పిడి ఒక వైపు కాస్త లావు. కానీ నా డబ్బాలో చెరుకు చెక్కడానికి నేను తీసేది దాన్నే. కమ్మరి దగ్గర చేయించుకునేవాళ్లు ఒక సంగతి అడిగి తెలుసుకోండి: ఇనుము ఎక్కడిది. కమాను పట్టీ, పాత ఆకురాయి అయితే పదును నిలుస్తుంది. కాంక్రీటు చువ్వ, మామూలు పట్టీ ఇనుము అయితే రూపం ఉంటుంది, పదును ఉండదు.

ఇదే మాటలో ఇంకొకటి. ఎగ్జిబిషన్లలో అలలు అలలుగా గీతలున్న బ్లేడు చూపించి "డమాస్కస్ ఉక్కు, మన కోనసముద్రానిదే" అని అమ్ముతున్నారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు చేసింది నిజమే. దాన్ని కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్లని వాయిసీ అనే ఆంగ్ల పరిశోధకుడు రాశాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరులోని ఎన్‌ఐఏఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి ఆ పాత కొలుముల చిట్టెం కుప్పలను సర్వే చేశారు. కానీ ఆ తయారీ ఆగి వందేళ్లు దాటింది. మూస ఉక్కులో గీత లోహం లోపలే పుడుతుంది. ఇప్పుడమ్మేది రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టి, ఆసిడ్‌లో ముంచి గీతలు తేల్చింది. అదీ తప్పేమీ కాదు, బాగా చేసినది బాగుంటుంది. కోనసముద్రం పేరుకు అదనంగా డబ్బు కట్టకండి, అంతే.

కొన్నాక

వీధిలో సైకిలు మీద వచ్చే సాన చక్రానికి మంచి చాకు ఇవ్వొద్దు. ఒకసారి తొందరలో నేనే ఇచ్చాను. నిప్పురవ్వలు ఎగురుతుంటే ముచ్చటగా చూశాను. ఇంటికి తెచ్చాక చూస్తే పదునంచు వెంట నీలం రంగు గీత. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోయింది, ఇప్పుడు టమాటా కోసినా పదును మడత పడుతుంది. తడి రాయి మీద చేత్తోనే నూరుకోండి. కీలుకు ఒక చుక్క కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె వేస్తే కొన్నాళ్లకు జిగురై బ్లేడు అతుక్కుంటుంది. తిండి కోసే బ్లేడుకైతే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రాయండి. తోలు సంచిలో పెట్టి మరిచిపోవద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.

మేనల్లుడికి ఏం చెప్పానంటే: బైకు మీద తిరుగుతూ, తుడవడం గుర్తుండని మనిషివైతే రెండు పొరల స్విస్ తీసుకో. చాకు గురించి తెలుసుకోవాలనుంటే కార్బన్ ఒపినెల్ ఎనిమిదో నంబరు తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక మంచి రాయి కొను. షెఫీల్డ్ కావాలంటే రెండేళ్లాగు, అప్పుడు నాతో సంతకు రా. వాడు ఒపినెల్ తీసుకున్నాడు. రాయి కూడా మూడు వేలలోనే వచ్చింది.

ఈ జులైలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు ఫోన్ చేశాడు. "మామా, ఎంత గుంజినా తెరుచుకుంటలేదు. నకిలీ తగిలిందా ఏంది?"

"ఉంగరం తిప్పి గాడి ఎదురుగా పెట్టు. పిడి వెనక కొసను బల్ల అంచుకు ఒకటి కొట్టు, మెల్లగ."

అవతల ఠక్కుమని చప్పుడు వినబడింది. "వచ్చింది, ఇంత బయటికొచ్చింది" అన్నాడు. సవాయ్ రైతులు కూడా దాన్ని అట్లాగే తెరుస్తారట.